ఎడమ దిక్కు బొమ్మలు

అన్నం దించి, కూర గిన్నె మీద మూత పెట్టి, సోమమ్మ ఎవరికీ చెప్పకుండా పెరట్లోకి పోయింది. కొట్టు తీసే పొద్దు దాటుతున్నది. ఆమె ఇంకా ఇంట్లో కట్టుకునే చీరలోనే ఉన్నది.

బండి తాళం చేతిలో పట్టుకొని గడపలో నిలబడ్డ దామోదర్, తల్లి పోయిన వైపు చూశాడు. సోమవారం గొడవ జరిగింది. ఇవాళ గురువారం. ఈ నడుమ తల్లి అతనికి వేళకు అన్నం పెట్టింది, బట్టలు మడతపెట్టింది, అడిగిన దానికి ఔననో కాదనో జవాబిచ్చింది. అంతకు మించి ఒక్క మాట లేదు.

"నేను పోతున్న బాపు," అన్నాడు, తండ్రితో అన్నట్టుగా, పెరట్లోకి వినిపించేట్టుగా.

మంచం మీద కూర్చొని చాయ్ తాగుతున్న ఐలేశం తల ఎత్తలేదు. "పో. ఎవలు ఆపిన్రు?"

"అమ్మను అడుగు ఒకసారి. వస్తదేమో."

"నేనెందుకు అడుగుత? లేవమన్నది నేనా?"

ఇక అక్కడి నుంచి రోజూ జరిగే మాటలే జరిగాయి. పదకొండేండ్లు కౌంటర్ మీద కూర్చున్న మనిషిని పది మంది చూస్తుండగా లేపిన కొడుకు కొడుకేనా అని ఐలేశం అన్నాడు. లేపకపోతే ఆ పది మందీ సామాన్లు అక్కడే పెట్టి పోయేవాళ్లని దామోదర్ అన్నాడు. పోయిన బతుకమ్మ పండుగకు లైను రోడ్డు దాకా వచ్చిన సంగతి, ముగ్గురు ఆడవాళ్లు నిండిన బుట్టలు నేల మీద పెట్టి ఫ్లైఓవర్ పక్కన కొత్తగా తెరిచిన పెద్ద షాపుకు నడిచిపోయిన సంగతి మళ్లీ చెప్పాడు. ఆ షాపులో నాలుగు కౌంటర్లు ఉన్నాయనీ, మనిషి పోయి నిలబడక ముందే బిల్లు చేతికొస్తుందనీ అన్నాడు. ఐలేశం అవన్నీ విన్నాడు. గొర్లమంద అమ్మి ఆ కొట్టు పెట్టింది తానేననీ, అప్పుడు కూర్చోవడానికి మనిషి లేకపోతే కూర్చున్నది ఆ ముసలిదేననీ అన్నాడు.

ఇద్దరి గొంతులూ పెద్దగా లేవలేదు. లేపే ఓపిక ఇద్దరికీ అయిపోయింది.

పెరట్లోంచి సోమమ్మ గొంతు వినిపించింది. "పెరుగు డబ్బ గూట్లె ఉన్నది. మర్వకుండ తీస్కపొమ్మను."

పొమ్మను అన్నది. పో అనలేదు. దామోదర్ ఆ తేడా పట్టుకొని ఒక క్షణం నిలబడి, డబ్బా తీసుకోకుండానే పోయాడు.

వంటింట్లో టిఫిన్ కడుతున్న నాగరాణి ఆ డబ్బా సంచిలో పెట్టుకున్నది. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేండ్లయింది. మామ ఒకవైపు, మగడు ఒకవైపు, నడుమ అత్తమ్మ మౌనం. వాటిలో దేన్ని మోస్తూ కొట్టు దాకా నడవాలో ఆమెకు తెలియలేదు.

*

కొత్త బిల్లింగ్ మిషన్లు పెట్టిద్దామన్న మాట మొదట అన్నది నాగరాణే.

పెండ్లికి ముందు ఆమె షాద్‌నగర్‌లో ఒక పెద్ద షాపులో మూడేండ్లు బిల్లింగులో పనిచేసింది. అక్కడ వస్తువును స్కానర్ ముందు పెడితే పేరు, ధర వాటంతటవే వచ్చేవి. నార్కట్‌పల్లికి వచ్చి చూస్తే తమ సొంత కొట్టులో నల్లటి పాత కంప్యూటర్ ముందు అత్తమ్మ కూర్చొని ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క నంబరు కొడుతున్నది. కందిపప్పు పద్నాలుగు, సన్నబియ్యం రెండు, ఉల్లిగడ్డ ముప్పై ఒకటి. వందల నంబర్లు ఆమెకు నోటికి వచ్చు. అయినా లైను కదిలేది కాదు. వస్తువును చేతిలోకి తీసుకొని, కుడి వైపుకు తిప్పి, దగ్గరికి పెట్టుకొని చూసి, అప్పుడు నంబరు కొట్టేది. ఏడాదిగా అది మరీ నెమ్మదించింది. వయసు అనుకున్నారు అందరూ.

చివరికి మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి సతీశ్ అనే మనిషి వచ్చి రెండు కౌంటర్ల మీదా కొత్త తెరలు పెట్టి పోయాడు. వేలితో తాకితే చాలు. ప్యాకెట్లకు స్కానర్. తూకం వేసి అమ్మే వాటికి తెర మీద బొమ్మలు. ఉల్లిగడ్డ కాంటా మీద పెట్టి ఉల్లిగడ్డ బొమ్మ తాకితే బరువు, ధర తానే వేసుకుంటుంది. చదువు రాని వాళ్లు కూడా కొట్టవచ్చునని సతీశ్ అన్నాడు. బొమ్మలు ఎటు పెట్టమంటారని అడిగితే, ఎక్కువ పోయేవన్నీ ఎడమ వైపు వరుసగా పెట్టమని నాగరాణి చెప్పింది. షాద్‌నగర్‌లో అట్లనే ఉండేవి.

సోమవారం సాయంత్రం లైనులో పదకొండు మంది ఉన్నారు. సోమమ్మ ఉల్లిగడ్డకు వెల్లిగడ్డ బొమ్మ తాకింది. అది తీసేసి మళ్లీ కొట్టమంటే మళ్లీ వెల్లిగడ్డే తాకింది. కందిపప్పు తెచ్చినామెకు శనగపప్పు పడింది. ఒక లారీ డ్రైవర్, తొందరలో ఉన్నవాడు, నీ కండ్లు ఏడున్నయమ్మా అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

అప్పుడే దామోదర్ గోదాం లోంచి వచ్చాడు. "అమ్మా, నువ్వు లే," అన్నాడు. ఆమె లేవలేదు. "లే అమ్మా, సుహాసిని కూసుంటది," అని మళ్లీ అన్నాడు. రెండోసారి గొంతు గట్టిగా వచ్చింది. సోమమ్మ లేచి, బల్ల కింద ఉన్న తన చెప్పులు వెతికి తొడుక్కొని, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి పోయింది. పనిపిల్ల సుహాసిని ఆ కుర్చీలో కూర్చొని ఇరవై నిమిషాల్లో లైను మొత్తం పంపించింది.

అది కూడా నిజమే. నాగరాణికి అదే బరువుగా ఉన్నది. మిషన్ మంచిది. బిల్లుకు నాలుగు నిమిషాలు పట్టేది ఇప్పుడు ఒకటిన్నర పడుతున్నది. పొద్దున పాల కోసం వచ్చేవాళ్లు తిట్టడం లేదు. తాను కోరినట్టే అయింది. కానీ ఇంట్లో ముద్ద ఎవరికీ దిగడం లేదు.

ఆ గురువారం మధ్యాహ్నం, జనం పలచబడ్డ వేళ, సతీశ్ ఫోను చేశాడు. ఏ కౌంటర్లో ఎన్ని వస్తువులు కొట్టి తీసేశారో మిషన్ రాసిపెడుతుందట. సోమమ్మ గారి పేరు మీద ఒక్క రోజులో నలభై ఒకటి ఉన్నాయని, పెద్దవాళ్లకు అలవాటు కాదని, ఆమె పేరు తీసేయమంటే తీసేస్తానని అన్నాడు. నాగరాణి జర ఆగమన్నది. ఆ నలభై ఒకటీ, వాటి బదులు సుహాసిని వచ్చి సరిచేసి కొట్టినవీ తెర మీద తెచ్చుకొని చూసింది.

మొదట కోపంగానే చూసింది. తర్వాత నెమ్మదిగా చూసింది.

చక్కెర, పుట్నాలు, ఆలుగడ్డ, ఎండు మిరపకాయలు ఒక్కటి కూడా తప్పు పడలేదు. తప్పు పడినవన్నీ ఉల్లిగడ్డ, కందిపప్పు, బియ్యం, బెల్లం, చింతపండు. ఐదూ తాను ఎడమ వైపు పెట్టించిన బొమ్మలు. రోజంతా అత్తమ్మ వేలు ఆ వైపుకు ఒక్కసారి కూడా పోలేదు. చేతికి ఉల్లిగడ్డ వస్తే కుడి వైపు ఉన్న బొమ్మల్లో దానికి దగ్గరగా ఉన్నది వెతికి తాకింది. సుహాసినిని పిలిచి అడిగితే, ఆ రోజు ఉల్లిగడ్డ బొమ్మ ఏడున్నదే అని అవ్వ తనను రెండుసార్లు అడిగిందని, కండ్ల ముందట పెట్టుకొని అడుగుతుందేందని తాను నవ్వుకున్నానని చెప్పింది.

నాగరాణి కుర్చీలో వెనక్కి వాలింది. పోయిన ఎండాకాలం అత్తమ్మ ఎడమ పక్కన పెట్టిన చాయ్ గ్లాసు మూడుసార్లు ఒలికింది. సంత రోజు ఎడమ నుంచి వచ్చిన ఆటో చూసుకోలేదు. చెయ్యి పట్టి లాగింది తానే. పిలిస్తే మెడ కాదు, మనిషి మొత్తం తిరుగుతుంది. ఇవన్నీ తన కండ్ల ముందే జరిగాయి. ఏ ఒక్కటీ తాను పట్టించుకోలేదు.

తల నొస్తుందని మగనితో చెప్పి ఇంటికి నడిచింది.

*

సోమమ్మ పెరట్లో నీడకు కూర్చొని చేటలో కందులు చూస్తున్నది. ఐలేశం ఇంట్లో లేడు.

నాగరాణి చెప్పులు బయట విడిచి, చప్పుడు కాకుండా వచ్చి అత్తమ్మ ఎడమ పక్కన నిలబడ్డది. చెయ్యి చాపితే అందే దూరం. సోమమ్మ రాళ్లు ఏరుతూనే ఉన్నది. చేటలో కుడి సగం శుభ్రంగా ఉన్నది. ఎడమ సగంలో రాళ్లు, మట్టి పెళ్లలు అట్లనే ఉన్నాయి.

అట్లా ఎంతసేపు నిలబడ్డదో నాగరాణికే తెలియదు. కండ్లల్లో నీళ్లు వచ్చాక మెల్లగా పక్కన కూర్చున్నది. సోమమ్మ ఉలిక్కిపడి, ఎప్పుడొచ్చినవే అన్నది.

"అత్తమ్మా, ఎన్నొద్దుల సంది కనవడ్తలేదు?"

రాళ్లు ఏరుతున్న సోమమ్మ చెయ్యి ఆగింది. మళ్లీ కదిలింది. తనకేం కాలేదని, కండ్లద్దాలు పాతవైనాయని, దామోదర్‌కు తీరిక దొరికినప్పుడు మార్పిస్తాడని అన్నది. నాగరాణి చేటలోంచి ఎడమ వైపు రాళ్లు ఏరి ఒక్కొక్కటిగా అత్తమ్మ కుడి అరచేతిలో పెట్టింది. నాలుగు రాళ్లు పడేసరికి సోమమ్మ చెయ్యి మూసుకున్నది.

"రెండేండ్లయితాంది," అన్నది.

ఒకసారి మొదలుపెట్టాక దాచలేదు. రెండేండ్ల కింద నల్లగొండ పక్కన పానగల్ గుడికి పోతున్నామని చెప్పి ఐలేశంతో నల్లగొండ కంటి దవాఖానకు పోయిందట. నీటి కాసులు, అంటే గ్లాకోమా అన్నారు. ఎడమ కన్ను చాలా వరకు పోయిందనీ, కుడి కన్ను కూడా ఒక పక్క నుంచి పోతున్నదనీ, చుక్కల మందు వేసుకుంటూ మూడు నెలలకొకసారి రావాలనీ చెప్పారు. రెండుసార్లు పోయింది. మూడోసారికి దసరా వచ్చింది, కౌంటర్ విడిచిపెట్టే వీలు లేకపోయింది. పోవాలంటే కొడుకుకు ఏం చెప్పాలో తోచలేదు. అట్లా అట్లా ఆగిపోయింది. మందు సీసా అయిపోయాక మళ్లీ తేలేదు.

"మరి మామ ఏమన్లేదా?"

"ఆయనతోని ఒట్టు వెట్టించుకున్న."

నాగరాణికి కోపం రావాలి. కానీ రాలేదు. ఒళ్లంతా అలసట మాత్రం కమ్మింది. కొడుకుకు చెప్తే ఏమయ్యేదని అడిగింది. వాడేమన్నా పరాయివాడా అన్నది.

సోమమ్మ చేటను పక్కకు పెట్టింది. తర్వాత తన తల్లి సంగతి చెప్పింది. అరవై నిండక ముందే ఆమెకు కండ్లు పోయాయి. పొయ్యి పొగ వల్లనే అన్నారు ఊళ్లో. ఎవరూ చెడ్డగా చూడలేదు. మంచి మాటలతోనే చెయ్యి పట్టుకొని తీసుకపోయి మూలకు కూర్చోబెట్టారు. నువ్వేం జెయ్యకమ్మా, నువ్వు కూసో, నీకెందుకమ్మా. అట్లా పదిహేనేండ్లు కూర్చున్నది. పొయ్యి ముట్టించనియ్యలేదు, గొర్రెపిల్లను ముట్టనియ్యలేదు. చివరికి ఇంట్లో ఏం జరుగుతున్నదో ఆమెకు చెప్పడం కూడా మానేశారు.

"దామోదర్ నన్ను మొండిది అనుకుంటె అనుకోనీ బిడ్డా. ఆ మాట పడ్త. గుడ్డిది అనుకుంటె మాత్రం ఇగ నన్ను ఏమీ అడగడు."

నాగరాణి ఆమె చేతిలోని రాళ్లు తీసి పారబోసింది. బొమ్మలు కుడి వైపుకు మార్చడం పది నిమిషాల పని అని, ఆ పని తాను చేస్తానని, అయితే రేపు తనతో దవాఖానకు రావాలని బేరం పెట్టింది. సోమమ్మ ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. కొడుక్కు చెప్పనని మాట ఇయ్యమన్నది. నాగరాణి మాట ఇచ్చింది. ఇచ్చేటప్పుడే అది తనకు బరువవుతుందని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం కొట్టులో దామోదర్‌తో, అత్తమ్మ పానగల్ గుడికి పోదామంటున్నదనీ, రేపు తీసుకపోతాననీ అన్నది. అబద్ధం ఇంత సులువుగా నోటికి రావడం చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. శుక్రవారం రద్దీ అని అతను విసుక్కుంటాడనుకున్నది. అతను విసుక్కోలేదు. మిషన్ మూసి, కాసేపు ఖాళీ తెర వైపు చూశాడు.

"తీస్కపో," అన్నాడు. "మనసు జర నిమ్మలమైతది." కాస్త ఆగి, "నేను తప్పు జేసిన అని చెప్పు. నాకు చెప్పుడు రాదు. నువ్వు చెప్పు," అన్నాడు.

నాగరాణి సరే అన్నది. ఇక మగని ముఖంలోకి చూడలేకపోయింది.

*

నల్లగొండ దవాఖానలో పొద్దున తొమ్మిదికి చీటీ తీసుకుంటే పిలుపు పదకొండుకు వచ్చింది. బస్సులో వచ్చేటప్పుడు నాగరాణి, మగడు చెప్పమన్న మాట చెప్పింది. సోమమ్మ విని, వాని తప్పేమున్నది అని మాత్రం అన్నది.

ఒక గదిలో ఆమెను గిన్నెలాంటి తెల్లటి మిషన్ ముందు కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, చేతికి ఒక మీట ఇచ్చారు. లోపల వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. నాగరాణి తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు వినసాగింది. కుడి కన్ను పరీక్షలో కొంతసేపు టక్కు టక్కుమని వచ్చి, తర్వాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. ఎడమ కన్ను పరీక్షలో దాదాపు మొత్తం నిశ్శబ్దమే. చుక్కలు వేస్తున్నారా లేదా అని సోమమ్మ మధ్యలో ఒకసారి అడిగింది. వేస్తున్నామమ్మా అన్నది నర్సు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. తిట్టలేదు. కాగితం మీద నల్లగా అచ్చయిన భాగాలు చూపించి, పోయిన చూపు తిరిగి రాదని, మిగిలినదాన్ని కాపాడుకోవడమే ఇప్పుడు చెయ్యగలిగిందని చెప్పింది. పద్నాలుగు నెలలు మందు మానకుండా ఉంటే కుడి కన్ను ఇంకా మంచిగా ఉండేదని అన్నది. రెండు రకాల చుక్కలు రాసి, నెలకు మళ్లీ చూసి, అవసరమైతే ఆపరేషన్ చేద్దామన్నది. సోమమ్మ తల ఊపుతూ విన్నది. ఇది అంతకు ముందు విన్నదే.

అప్పుడు డాక్టరమ్మ ఇంట్లో ఇంకెవరికైనా కండ్లు పోయాయా అని అడిగింది. సోమమ్మ తన తల్లి సంగతి చెప్పింది. పొయ్యి పొగ అన్నది.

"పొగ కాదమ్మా. ఇదే అయ్యుంటది. మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కడే కొడుకు."

"ఎన్నేండ్లు?"

"ముప్పై ఆరు."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది. ఇది ఒకే రక్తంలో వస్తుందని, తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే భయం ఎక్కువని, నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, తెలిసేసరికి సగం పోయి ఉంటుందని చెప్పింది. ముందే పట్టుకుంటే చుక్కల మందుతో జీవితమంతా చూపు నిలబెట్టుకోవచ్చని, ఆలస్యం చేయకుండా ఈ వారంలోనే అతన్ని తీసుకురమ్మని అన్నది.

"వాని కండ్లు మంచిగనే ఉన్నయమ్మా," అన్నది సోమమ్మ.

"మీరు కూడా అట్లనే అనుకున్నరు కదా."

బయటికి వచ్చాక ఇద్దరూ మందుల షాపు ముందు నిలబడ్డారు. నాగరాణి చుక్కల సీసాలు సంచిలో పెట్టుకున్నది. ఎండ తలకు తగులుతున్నా ఇద్దరూ నీడలోకి జరగలేదు. బస్సు ఎక్కి కూర్చున్నాక, ఊరు దాటాక, సోమమ్మ కిటికీ వైపు తల తిప్పి అన్నది.

"అప్పుడు గూడ చెప్పిన్రు."

నాగరాణికి మొదట అర్థం కాలేదు.

"రెండేండ్ల కింద వచ్చినప్పుడు. కొడుకును తీస్కరమ్మన్నరు. అందరికీ అట్లనే చెప్తరు కావొచ్చు అనుకున్న. వానికి చెప్తె నా సంగతి గూడ చెప్పాలె గదా అనుకున్న."

ఈసారి నాగరాణికి కోపం వచ్చింది. నిన్న రాని కోపం, అలసట కింద పడి ఉన్న కోపం, అంతా ఒక్కసారి వచ్చింది. రెండేండ్లు. ఆ రెండేండ్లలో రాత్రిపూట లైట్లు కండ్లల్లో కొడుతున్నాయని దామోదర్ ఎన్నిసార్లు అన్నాడో, గోదాంలో చీకటికి అలవాటు పడడానికి ఎంతసేపు నిలబడేవాడో ఆమెకు గుర్తొచ్చింది. అది జబ్బో కాదో తెలియదు. తెలియకపోవడమే భయం. మూలకు కూర్చోకుండా తప్పించుకోవడానికి కొడుకు కండ్లను పణంగా పెట్టావా అని అడగాలనిపించింది. నోరు తెరిచింది. పక్కన ముసలామె రెండు చేతులతో ముందు సీటు కడ్డీని పట్టుకొని కూర్చున్నది. బస్సు ఊగుతుంటే ఆ చేతులు తెల్లబడుతున్నాయి.

నాగరాణి అడగలేదు. చిట్టచివరికి అన్నది ఒక్కటే. "నేను ఇచ్చిన మాట నాకు వాపసియ్యి అత్తమ్మా. ఇగ నేను దాసలేను."

బస్సు నార్కట్‌పల్లి చేరింది.

ఇంటికి పోవాలంటే బస్టాండు దగ్గర దిగాలి. సోమమ్మ అక్కడ లేవలేదు. కూడలిలో దిగుదామన్నది. కొట్టు అక్కడే. నాగరాణి ఆమె ముఖం చూసింది గానీ అందులో ఏమున్నదో తెలియలేదు.

"గా బొమ్మలు మార్చకు," అన్నది సోమమ్మ, దిగుతూ. "ఎట్లున్నయో అట్లనే ఉండనీ. సుహాసినికి అలవాటైనయి."

*

శుక్రవారం మధ్యాహ్నం రద్దీ ఇంకా తగ్గలేదు. సుహాసిని అన్నానికి పోయినట్టున్నది, ఆమె కౌంటర్ ఖాళీగా ఉన్నది. రెండోదాని మీద దామోదర్ ఒక్కడే కూర్చొని కొడుతున్నాడు. స్కానర్ కీచుమని మోగుతున్నది. బిల్లు కాగితం చిన్న చప్పుడుతో బయటికి వస్తున్నది.

తల్లిని గడపలో చూడగానే అతని ముఖం తేటపడింది. నాలుగు రోజుల్లో మొదటిసారి. నాగరాణి వైపు చూసి, చెప్పినవా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. నాగరాణి తల వంచుకున్నది.

సోమమ్మ నేరుగా కౌంటర్ దగ్గరికి నడిచింది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకొని కొడుకు పక్కకు వచ్చి ఆగింది. కూర్చుంటుందేమోనని అతను కొంచెం జరిగాడు.

"దామోదర్, రేపు నువ్వు నాతోని నల్లగొండకు రావాలె," అన్నది.

అతను బియ్యం మూట కాంటా మీద పెట్టాడు. తప్పకుండా వస్తానని, పోదామని, అమ్మ ఎటు పోదామంటే అటు పోదామని అన్నాడు. అతని గొంతులో సంతోషం ఉన్నది. అయితే రేపు శనివారమని, ఒక్క రెండు రోజులు ఆగితే మంచిదని కూడా అన్నాడు.

"రేపే."

"సరే అమ్మా, సరే. జర ఇటు పక్కకు నిలవడు. లైను సూసినవా ఎంత ఉన్నదో?"

సోమమ్మ లైను వైపు తిరిగింది. సామాన్లు పట్టుకున్న మనుషులు ఆమెనే చూస్తున్నారు. వాళ్లలో సగం మందికి ఆమె పదకొండేండ్లుగా తెలుసు.

అత్తమ్మ ఏదో ఒకటి అంటుందనీ, రేపు పొద్దున మాట్లాడుకుందామని అంటుందనీ, లేకపోతే తానే ముందుకు పోవాలనీ నాగరాణి అనుకున్నది. అయినా గడపలోనే నిలబడ్డది.

"కనవడ్తలేదు బిడ్డా," అన్నది సోమమ్మ.

దామోదర్ తెర మీద బియ్యం బొమ్మ కోసం వేలు చాపి వెతుకుతున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"అద్దాలు ఇంట్ల మర్సిపోయినవా?"

అద్దాలు ఆమె ముఖం మీదనే ఉన్నాయి.